రంగు దిగని ఏగిస గ్లాసు

మా బాపు పోశాలు అబద్ధం చెప్పే మనిషి కాదు. ఈ మాట నేను చిన్నప్పటి నుంచి ఎంతమందితో అన్నానో లెక్కలేదు. ఇప్పుడు అనలేకపోతున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు, అది నిజమే. చెప్పాల్సినప్పుడు తల వంచుకుని కట్టె చెక్కే బాడిసకు సాన పెట్టుకున్నాడు. ఆ పక్కనే నేనూ ఉన్నాను. నేనేం చేశానో కూడా ఇందులోనే చెబుతాను.

మాది రేగొండ దగ్గర పల్లె. మేం వడ్లోళ్ళం. నాగలి, గుంటుక, బండి చక్రం, ఏదైనా బాపు చేతిలో పడితే పదేళ్ళు నిలిచేది. ట్రాక్టర్లు వచ్చాక మా కొట్టం ముందు ఆగే మనిషే లేకుండా పోయాడు. తలుపులూ కిటికీలూ కూడా టౌను నుంచి రెడీమేడుగా దిగడం మొదలైంది. పని తెలిసిన మనిషి పని లేకుండా కూర్చుంటే ఇంటిల్లిపాదికీ నరకం. ఆ రోజుల్లో మా అవ్వ (అమ్మను మేం అలాగే అంటాం) సమ్మక్క పప్పు వండితే ఉప్పెక్కువ, కూర వండితే కారం తక్కువ. వంకలు పెట్టడం తప్ప ఆయనకు వేరే పని లేదు పాపం.

అలాంటి మనిషిని మళ్ళీ నిలబెట్టింది ఏగిస చెట్టు. వేరేచోట్ల దీన్ని వేగి అనీ పెద్దేగి అనీ అంటారు. గొడ్డలి పడితే బెరడు నుంచి నెత్తురులాగే ఎర్రటి బంక కారుతుంది. అది ఎండాక చిటికెడు పొడి చేసి మజ్జిగలో కలిపి విరేచనాలకు ఇచ్చేవాళ్ళు. పన్ను నొప్పికి అదే, తెగిన వేలికి అదే. గడ్డలు లేస్తే ఆకు నూరి కట్టేవాళ్ళు. ఇక మాను నడిమి చేవకట్టె సంగతి వేరు. ముక్క నీళ్ళలో వేసి తెల్లారి చూస్తే నీళ్ళు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, ఎండకు పెడితే అంచు నీలంగా మెరుస్తుంది. ఉచ్చకు చీమలు పడుతున్నాయని ఎవరైనా వస్తే మా తాత కుండలో ఈ చెక్క వేసి ఆ నీళ్ళు తాగమనేవాడట. షుగర్ అనే మాట అప్పటికి మా ఊరికి రాలేదు, అంతే తేడా.

పాత బండ్లు విరిచేటప్పుడు ఏగిస దుంగలు దొరికేవి. బాపు వాటిని కోసి, లోపల ఉలితో తొలిచి, నున్నగా గ్లాసులు చేశాడు. సాయంత్రం నీళ్ళు పోసిపెట్టి పొద్దున పరగడుపున తాగాలి. మొదట చుట్టాలకిచ్చాడు. తర్వాత ఎవరో కుర్రకారు ఫోన్లో వీడియో తీసి పెట్టారు. ఇక చూడండి. ఆదివారమైతే మా వాకిట్లో మోటారు సైకిళ్ళు. ఆయన పేరు 'షుగర్ గ్లాసు పోశాలు' అయింది. రంపపు పొట్టులో దొర్లే మనిషి తెల్ల చొక్కా వేయడం మొదలుపెట్టాడు. జనం 'డాక్టర్ సాబ్' అంటుంటే వద్దనకుండా మీసం కింద నవ్వేవాడు. నేను ఏఎన్‌ఎమ్ ట్రైనింగు అయ్యి మహబూబాబాద్ దగ్గర సబ్‌సెంటర్లో చేరిన సంవత్సరమే ఇదంతా. "ఇంట్ల ఇద్దరం డాక్టర్లమే బిడ్డా" అనేవాడు. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి.

గ్లాసు ఇచ్చేటప్పుడు తాత నాటి కట్టుబాటొకటి చెప్పేవాడు. కొన్నవాళ్ళను తూర్పుకు తిప్పి గడప మీద కూర్చోబెట్టి, మొదటి గ్లాసు తన చేత్తో తాగించి, "మందు మీద ఇంకో మందు పడొద్దు. ఇది తాగినన్ని రోజులు వేరేది ముట్టొద్దు" అనేవాడు. తాత కాలంలో ఆ వేరేది అంటే ఇంకో ఊరి వైద్యుడి కషాయం. ఇప్పుడు వినేవాళ్ళకు అది సర్కారు దవాఖాన గోళీ. ఆ సంగతి బాపుకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒకసారి ఫార్మసీ కాలేజీలో చెప్పే సంగీత మేడం వచ్చి చెక్క ముక్కలు పట్టుకెళ్ళింది. ఆరు నెలలకు మళ్ళీ వచ్చి మా అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ఏగిస చేవలో ఎపికాటెచిన్, టెరోస్టిల్బీన్ అనే పదార్థాలున్నాయనీ, ఎలుకల మీద చేసిన పరీక్షల్లో అవి చక్కెరను కొంత దించాయనీ, మనుషుల మీద జరిగిన పరీక్షలు మాత్రం తక్కువనీ చెప్పింది. "గుణం ఉంది. కానీ ఏ గ్లాసులోంచి ఎంత దిగుతుందో ఎవరూ చెప్పలేరు. గోళీలు మానకూడదు. ఇంకోటి, రంగు దిగినన్నాళ్ళే అందులో సారం ఉన్నట్టు. నీళ్ళు తేటగా వస్తే గ్లాసు పని అయిపోయింది, పారేయమని చెప్పండి" అంది. బాపు "నాకెరుక లేదా మేడం, కట్టెతోనే పుట్టినోన్ని" అన్నాడు. నిజంగానే ఆయనకు తెలుసు. చెట్టులో లోపం లేదు. సిగ్గుపడాల్సింది మేం.

ఆ మరుసటి దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు బాపు వేలికి గుడ్డ కట్టి ఉంది. నెల కింద ఉలి తగిలిందట, ఇంకా మానలేదు. పొద్దున పరగడుపున వేలు పొడిచి మిషను పెట్టాను. మూడు వందల నలభై.

"మిషను కరాబైంది" అన్నాడు.

నాది చూశాను, అవ్వది చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఆయన ఏడాదిగా ఏగిస గ్లాసులోనే తాగుతున్నాడు, అదీ తనే ఏరి చేసుకున్న గ్లాసు. వేలి గుడ్డ బిగించుకుంటూ, "గోళీలు తింట. గని గీ రేగొండల మాత్రం పేరు రాపియ్యకు బిడ్డా. నలుగుట్ల ఇజ్జత్ పోతది" అన్నాడు.

నేను సరేనన్నాను. మహబూబాబాద్‌లో మా అత్తగారి ఇంటి అడ్రసుతో దవాఖానలో పేరు రాయించాను. నెలకోసారి మనవరాలిని చూసి వస్తానని చెప్పి బాపు మూడు బస్సులు మారి వచ్చేవాడు. గోళీల అట్టలు చిత్రికలు వేసుకునే పనిముట్ల సంచిలో అడుగున పెట్టుకుని పోయేవాడు. ఊరంతా ఏగిస గ్లాసులో నీళ్ళు తాగుతుంటే మా బాపు పెరట్లోకి పోయి స్టీలు గ్లాసుతో గోళీ మింగేవాడు. వేలు మానింది. చూపు తేటపడింది. గ్లాసులు ఇంకా నున్నగా చెక్కాడు.

ఆ కట్టుబాటు చెప్పడం మానేయమని నేను గట్టిగా పట్టుబట్టాను. మానేశాడు. గోళీలు వేసుకోండి అని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది చెబితే నువ్వు వేసుకుంటున్నావా అని అడుగుతారని భయం. నేను అంతటితో సరిపెట్టుకున్నాను, పైగా పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

ఇక మంగీలాల్ కాక దగ్గరికి రావాలి. ఆయనది నా సబ్‌సెంటర్ కింద ఉన్న తండా. మిరప, పత్తి వేస్తాడు. భార్య ద్వాళి. వాళ్ళ ఇంట్లో నేను తాగినన్ని చాయలు మా ఇంట్లో కూడా తాగి ఉండను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాకకు షుగర్ ఉందని పరీక్ష చేసి చెప్పింది నేనే. గోళీలు నెలనెలా ఇచ్చిందీ నేనే. నేను షుగర్ గ్లాసు పోశాలు బిడ్డనని తెలిసి, "నాకొక గ్లాసు తేరాదు బిడ్డా" అని అడిగితే నా సంచిలో పెట్టుకుని మోసుకొచ్చి ఇచ్చిందీ నేనే. అప్పటికి బాపుకు షుగర్ ఉన్నట్టు తెలియదు. ఆ ఒక్క సాకు నాకు ఉంది, దాన్ని ఎంతో కాలం వాడుకున్నాను.

రెండేళ్ళ కింద మేడారం జాతరకు నేను పుట్టింటికి వెళ్ళాను. జాతరకే పోయిన మంగీలాల్ కాక తిరుగుదారిలో చుట్టు తిరిగి మా ఊరికి వచ్చాడు. చంకలో పెద్ద కోడిపుంజు. ముఖం వెలిగిపోతోంది. వాకిట్లో అడుగు పెట్టీ పెట్టకముందే అరిచినట్టే చెప్పాడు.

"అన్నా, నాకు షుగర్ పోయింది! రొండు నెలల సంది నీళ్ళు తేటగ వస్తున్నయి. జర్రంత గూడ రంగు లేదు. నా ఒంట్ల ఉన్నదంత గ్లాసు గుంజుకున్నది. గోళీలు గూడ బంద్ చేసిన."

మా తండాల్లోనూ ఊళ్ళల్లోనూ చాలామంది అలాగే అనుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది. ఒంట్లో చక్కెర ఉంటేనే నీళ్ళకు రంగు వస్తుందని, చక్కెర పోగానే నీళ్ళు తేటపడతాయని. ఎవరు పుట్టించారో ఆ మాట. బాపు మాత్రం పుట్టించలేదు. ఆయన చేతిలో బాడిస ఉంది. కాక వంక చూశాడు, నా వంక చూశాడు, తల వంచుకుని సానరాయి మీద నీళ్ళు చల్లుకున్నాడు.

కాక నావైపు తిరిగి, "మంచి పనే చేసిన గదా బిడ్డా?" అన్నాడు.

నా సంచిలో మిషను ఉంది. ఒక్క వేలు పొడిస్తే అయిపోయేది. కానీ అంకె చూశాక ఎందుకని అడుగుతాడు. గ్లాసు పనికిరాకుండా పోయిందని చెప్పాలి. మరి మీ బాపు ఇంతమందికి ఏం చెప్తున్నాడని వాకిట్లో ఉన్న నలుగురూ అడుగుతారు. బాపు చెవులు ఎర్రబడటం నాకు కనిపిస్తోంది. "జర అప్పుడప్పుడు చూపిచ్చుకో కాకా" అన్నాను. ఎవరికైనా ఏదైనా అంటే సరిపోయే మాట అది.

అవ్వ కోడి కోసింది. అందరం తిన్నాం. కాకకు కందనకాయ నేనే వెతికి వడ్డించాను.

ఆ తర్వాత రెండేళ్ళపాటు నెలనెలా తండాకు పోయాను. కాక గడప దగ్గర నిలబడి "షుగర్ చూస్త రా కాకా" అంటే నవ్వి, "పోయిందాన్ని ఎందుకు సూసుడు బిడ్డా, చాయ తాగు" అనేవాడు. నా రిజిస్టర్లో ఆయన పేరు ఎదురుగా 'నిరాకరించారు' అని రాసుకుని చాయ తాగి వచ్చేదాన్ని. "మా బాపే గోళీలు మింగుతున్నాడు కాకా" అని ఒక్క మాట అంటే ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ మాట ఇరవై నాలుగు సార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై నాలుగు సార్లూ చాయతో పాటు మింగాను.

మొన్న చలికాలం పత్తి చేన్లో కాలికి ముల్లు దిగింది. కాలు మొద్దుబారిపోయి ఉందేమో, ఆయనకు తెలియనే లేదు. వారం తర్వాత ద్వాళి వాసన పట్టి చూస్తే బొటనవేలు నల్లబడి ఉంది. ఇంకో వారం ఆకులు కట్టుకున్నాడు. మహబూబాబాద్ దవాఖానలో చేర్చేసరికి కుళ్ళు మడమ దాటింది. మోకాలి కింద తీసేయాలనీ, రెండు రోజులకు మించి ఆగితే మనిషి దక్కడనీ డాక్టరు తేల్చి చెప్పాడు. కాక కాయితం మీద వేలు పెట్టనన్నాడు.

నేను పోయేసరికి మంచం మీద లేచి కూర్చుని డాక్టరుతో వాదిస్తున్నాడు. పక్కనే బల్ల మీద ఏగిస గ్లాసు. దవాఖానకూ తెచ్చుకున్నాడు. "షుగర్ నాలుగు వందలంటరేంది సార్, నీళ్ళు సూడుండ్రి, ఎట్ల తేటగున్నయో! మీ మిషన్లు తప్పు సూపెడ్తున్నయి. షుగర్ లేనోనికి కాలెందుకు తీస్తరు?"

డాక్టరు తల పట్టుకున్నాడు. ద్వాళి నన్ను వరండాలోకి లాక్కెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవ్వలు చెప్పినా ఇంటలేడు బిడ్డా. మీ బాపు చెప్తే ఇంటడు. నీ కాళ్ళు మొక్కుత, జర తోలుకరా."

ఆమె నా కాళ్ళ మీదికి వంగబోయింది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆమెను లేపి, మర్నాడు మొదటి బస్సుకే రేగొండ బయల్దేరాను.

బాపు కొట్టంలో ఉన్నాడు. జరిగింది చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన ఒక గ్లాసు అంచును గరుకు కాయితంతో రుద్దుతూనే ఉన్నాడు.

"ఇంత దూరం బస్సుల కూసోలేను బిడ్డా, నడుం నొస్తంది. ఫోన్ల మాట్లాడుత" అన్నాడు.

"ఫోన్ల ఏం చెప్తవు బాపు?"

ఆయన గ్లాసులోని పొట్టు ఊదుకున్నాడు. అవ్వ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా అవ్వ ఆయనను పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు, ఎదురు మాట్లాడటం అంతకన్నా వినలేదు.

"గాయన కోడిని తిన్ననాడు నొయ్యలే నడుం? నెలనెల గోళీల కోసం మూడు బస్సులు మారంగ నొయ్యలే? లే పోశాలూ. పోయి చెప్పి రా. లేకుంటే రేపటి సంది గీ కొట్టంకు నేనే తాళం ఏస్త."

బాపు లేచాడు. తెల్ల చొక్కా వేసుకోబోయి ఆగి, రంపపు పొట్టు అంటిన బనీను మీదే కండువా కప్పుకున్నాడు. మళ్ళీ ఆ మూడు బస్సులే ఎక్కాం. నర్సంపేట దాటాక ఒక్కసారి, "ఆయన ఏమంటడో" అన్నాడు. నాకూ ఆ ఒక్కటే ఆలోచన. కాక ఎలా ఉన్నాడో అని గాక, ఏమంటాడో అని ఆలోచిస్తున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

వార్డులోకి అడుగు పెట్టగానే ఎవరో గుర్తుపట్టారు. "గ్లాసు పోశాలన్న గదా? మా అవ్వకొక గ్లాసు కావాలె" అంటూ ఇద్దరు వెంటపడ్డారు. బాపు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని నడిచాడు. కాక చూసి మంచం మీంచి చేయెత్తి వార్డంతా వినబడేలా అరిచాడు.

"వచ్చిండు మా డాక్టర్ సాబ్! గిప్పుడు అడుగుండ్రి. చెప్పు అన్నా, గీ సార్లకు చెప్పు!"

బాపు మంచం పక్కన నిలబడ్డాడు. కట్టు కట్టిన కాలు చూశాడు. "తీసేపిచ్చుకో తమ్మీ. పాణం ముఖ్యం" అన్నాడు మెల్లగా.

"షుగర్ లేంది ఎందుకు తీస్తరన్నా?"

"ఉన్నది."

"నీళ్ళు తేటగున్నయి గదా!"

బాపు బల్ల మీది గ్లాసు చేతికి తీసుకున్నాడు. దాన్ని వెలుతురుకు పట్టాడు. "గీ కట్టెల సారం అయిపోయింది. గందుకే రంగు దిగుతలేదు. నీ షుగర్ పోయి కాదు" అన్నాడు. తర్వాత బనీను లోపలి నుంచి గోళీల అట్ట తీసి మంచం మీద పెట్టాడు. సగం ఖాళీ అయి ఉంది. "నాకు గూడ ఉన్నది. ఆరేండ్ల సంది గివే తింటున్న. గిదే మహబూబాబాద్‌ల తీస్కపోతున్న."

వార్డులో గ్లాసు అడిగిన ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. కాక అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. చదువు రాదు గానీ రంగు గుర్తుపట్టాడు. ఒకప్పుడు నేను నెలనెలా ఇచ్చినవి అవే.

"మరి నాకెందుకు చెప్పలే అన్నా?"

"తప్పయింది" అనైనా బాపు అంటాడేమో అని చూశాను. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. నా తండ్రి నేల మీద కూర్చుని ఏడవడం అదే మొదటిసారి చూడటం. జాలి పడాల్సింది. నాకు సిగ్గు తప్ప ఇంకేమీ కలగలేదు.

కాక ఆయనను చూడటం మానేసి, తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా కాదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"నువ్వు నెలనెల మా ఇంటికి వస్తివి గద బిడ్డా. నీకు గూడ ఎరికేనా?"

లేదని చెబుదామని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. బాపు కింద కూర్చుని ఉన్నాడు, ఆయన నన్ను పట్టించడు.

"ఎరికే కాకా."

కాక తల ఊపాడు. డాక్టరు కాయితం ముందుకు జరిపాడు. వేలిముద్ర వేయించేటప్పుడు ముసలివాళ్ళ బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్దడం నాకు ఉద్యోగంలో అలవాటు. ఇంకు డబ్బా తీసుకుని అలవాటుగానే కాక చేయి పట్టుకోబోయాను. ఆయన చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ద్వాళి నా చేతిలోంచి డబ్బా తీసుకుని, నా వైపు చూడకుండా, తనే ఆయన వేలు పట్టి కాయితం మీద అద్దింది.